ఆ అరగంటా నడుం వాల్చనివ్వండి
ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కార్మిక శాఖ మంత్రులకు బహిరంగ లేఖ



2025లో మీ రెండు ప్రభుత్వాలూ కొద్ది నెలల తేడాతో ఒకే బాట పట్టాయి. తెలంగాణలో జులైలో వెలువడిన ఉత్తర్వుతో వాణిజ్య సంస్థలు రోజుకు పది గంటల దాకా పని చేయించుకోవచ్చు, వారంలో 48 గంటలు దాటితే ఓవర్‌టైం కట్టాలి. ఆంధ్రప్రదేశ్‌లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి తొమ్మిది గంటల పనిరోజును పది గంటలకు పెంచారు. ఈ పది గంటల మీద గొడవ జరిగింది, జరగాల్సిందే. ఆ హడావుడిలో పక్కనే ఉన్న ఇంకో అంకె ఎవరి కంటా పెద్దగా పడలేదు. ఐదు గంటలు పని చేయించుకున్నాక కనీసం అరగంట విశ్రాంతి ఇచ్చి తీరాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 55వ సెక్షన్ చెప్పేది. ఆ ఐదు కాస్తా ఆరయింది. తెలంగాణ ఉత్తర్వులోనూ ఆరే.

ఈ ఉత్తరం ఆ అరగంట గురించి. అది ఐదు గంటలకివ్వాలా, ఆరు గంటలకా అన్న తగాదా సంఘాలు మీతో తేల్చుకుంటాయి. ఇచ్చిన అరగంటలో మనిషి ఏం చేయొచ్చన్నది నేనడుగుతున్న సంగతి. నాలుగు మెతుకులు తిన్నాక ఓ ఇరవై నిమిషాలు కునుకు తీయొచ్చా, తీయకూడదా?

మంత్రిగారికి కునుకు గురించి అర్జీ ఏమిటని మీ పేషీలో ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి. చట్టసభల్లో కునికిపాట్లు పడే సభ్యుల వీడియోలు చూసి మేమూ నవ్వుకున్నవాళ్లమే. నిజానికి ఆ సభ్యుడి ఒంట్లో జరిగేదీ, అదే వేళకు కుట్టుమిషను ముందు తూగే అమ్మాయి ఒంట్లో జరిగేదీ ఒకటే. మధ్యాహ్నం ఒంటిగంట దాటాక కమ్ముకొచ్చే మగతకు కారణం పప్పన్నమేనని మన నమ్మకం. భోజనం దాన్ని పెంచే మాట నిజమే గానీ, తిండి మానేసినా ఆ మగత వస్తుంది. ఒంట్లోని గడియారం రోజుకు రెండుసార్లు మందగిస్తుంది. తెల్లవారుజామున ఒకసారి, మధ్యాహ్నం రెండు, మూడింటి ప్రాంతంలో ఇంకోసారి. దానికి తోడు, లేచినప్పటి నుంచీ మెదడులో అడినోసిన్ అనే పదార్థం పోగవుతూ నిద్ర వైపు లాగుతుంటుంది. కాఫీ దాన్ని తీసేయదు, కాసేపు దానికి అడ్డుపడుతుందంతే. దాన్ని తగ్గించేది నిద్ర ఒక్కటే.

ఇది తెలిసో తెలియకో మన ఊళ్లు ఎప్పుడో సర్దుకున్నాయి. చిన్న పట్నాల్లో ఇప్పటికీ ఒంటిగంటకు షట్టరు సగానికి దించి, నాలుగింటికి ఎత్తే కొట్లున్నాయి. మిర్చి యార్డులో హమాలీ తలగుడ్డ మొహాన కప్పుకుని బస్తాల మీదే ఒరుగుతాడు. ఆటో అతను వెనక సీట్లో పడుకుని కాళ్లు బయటికి చాపుతాడు. పెద్దాయన పడుకున్నారు అల్లరి చేయకండని పిల్లల్ని కసురుకున్న ఇళ్లలోనే మనమంతా పెరిగాం. అంటే కునుకుకు మనం వ్యతిరేకులం కాదు. ఒకరి అజమాయిషీ కింద జీతానికి పనిచేసేవాడు తీస్తేనే అది సోమరితనమవుతుంది. యజమాని చేస్తే విశ్రాంతి, పనివాడు చేస్తే దొంగతనం. మీ నియమాలేవీ ఈ తేడా మీద నోరు మెదపవు కాబట్టే ఉత్తరం రాయాల్సి వచ్చింది.

నాకు తెలిసిన ఒక కుట్టు యూనిట్‌లో మధ్యాహ్నం ఎలా గడుస్తుందో చెబుతాను. ఊరూ పేరూ అక్కర్లేదు, చాలాచోట్ల ఇదే వరస. బెల్లు కొట్టగానే వందల మంది ఆడపిల్లలు ఒకేసారి లేస్తారు. చేతులు కడుక్కునే చోట ఒక క్యూ, బాత్రూం దగ్గర ఇంకో క్యూ. స్టీలు బాక్సు మూత తీసేసరికే పది నిమిషాలు పోతాయి. గబగబా నాలుగు ముద్దలు మింగి, మిగిలిన కాసేపటికి లైన్ల మధ్య అట్టపెట్టె చింపి పరుచుకుని, గోడకు ఆనుకుని, మోకాళ్ల మీద తల పెట్టుకుంటారు. రెప్ప పడే లోపు సూపర్‌వైజర్ గొంతు వినిపిస్తుంది: "ఏమ్మా, పుట్టిల్లనుకున్నావా?" మెట్ల కింద ఒక గది ఉంది. తలుపు మీద 'విశ్రాంతి గది' అని పెయింటుతో రాసి ఉంది. లోపల చూరు దాకా అట్టపెట్టెలు, బయట తాళం. 150 మందికి మించి పనిచేసే ఫ్యాక్టరీలో విశ్రాంతి గది ఉండాలనీ, అది చల్లగా, శుభ్రంగా, గాలీ వెలుతురూ వచ్చేలా ఉండాలనీ ఫ్యాక్టరీల చట్టం 47వ సెక్షన్ చెప్పేది. ఆ గదిలో పెట్టెలు మాత్రం నిజంగానే చల్లగా ఉంటాయి.

బట్టల దుకాణాల్లో నిలబడి పనిచేసే ఆడవాళ్ల మాట ఎత్తితే ఇంకో ఉత్తరమవుతుంది. వాళ్లకు కూర్చునే హక్కు ఇవ్వడానికే కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టాలు మార్చాల్సి వచ్చింది.

ఇక సాక్ష్యం. ఎక్కడో యూరప్‌లో ఏసీ గదుల్లో చేసిన పరిశోధనలు మనకెందుకని మీ అధికారులు అడగొచ్చు. మన పక్కనున్న చెన్నైలో జరిగిందే చెబుతాను. 452 మంది పేద, దిగువ మధ్యతరగతి నగరవాసులకు డేటా ఎంట్రీ పని ఇచ్చి, చేతికి నిద్రను కొలిచే పరికరాలు కట్టి, ఆర్థికవేత్తలు వారాల తరబడి గమనించారు. ఫలితాలు 2021లో క్వార్టర్లీ జర్నల్ ఆఫ్ ఎకనమిక్స్‌లో వచ్చాయి. మొదట తేలిందేమిటంటే, వాళ్లు రాత్రి ఎనిమిది గంటలు పక్క మీద ఉంటున్నా నిద్రపోతున్నది ఐదున్నర గంటలే. ఉక్క, దోమలు, ఇరుకు గది, వీధి రొద. నిద్ర జబ్బులున్న వాళ్ల నిద్ర ఎంత తునాతునకలుగా ఉంటుందో వీళ్లదీ అంతే. కొందరికి మంచి పరుపులు, దిండ్లు, ఫ్యాన్లు, చెవుల్లో పెట్టుకునే బిరడాలు ఇచ్చి రాత్రి నిద్రను 27 నిమిషాలు పెంచారు. దాంతో పని బాగా పెరుగుతుందని నిపుణులు వేసిన అంచనా తప్పింది. పనిలో గానీ, మనసులో గానీ, బుర్ర చురుకులో గానీ చెప్పుకోదగ్గ మార్పేమీ కనబడలేదు.

కొందరికి పనిచేసే చోటే మధ్యాహ్నం అరగంట పడుకునే వీలు కల్పించారు. తేడా అక్కడ వచ్చింది. పని చురుగ్గా సాగింది, తలకాయ బాగా పనిచేసింది, మనసు కుదుటపడింది. రాత్రి పక్క మీద ఇంకాసేపు దొర్లితే దొరికింది అదే తునాతునకల నిద్ర, మధ్యాహ్నం దొరికింది చల్లటి చోట నిశ్శబ్దంగా పట్టిన చిన్న కునుకు కాబట్టే ఈ తేడా అని నాకనిపిస్తుంది. విజయవాడలోనో రామగుండంలోనో మే నెలలో రేకుల ఇంట్లో పడుకునేవాడికి ఇది ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు.

అదే అధ్యయనంలో యజమానులు పట్టుకునే పాయింటూ ఉంది. దాన్ని దాచి మీ ముందుకు రావడం నాకిష్టం లేదు. పడుకున్న అరగంట పనివేళలోంచి పోయింది. కునుకు తీసినవాళ్లు, ఊరికే విరామం తీసుకున్నవాళ్లకంటే ఎక్కువ సంపాదించారు. ఆ అరగంట కూడా ఆపకుండా పనిచేసినవాళ్లతో పోలిస్తే మాత్రం తక్కువే సంపాదించారు. చేసిన పనిని బట్టి కూలి అందే చోట కునుకు పనివాడి జేబుకు చిల్లు పెడుతుంది. అందుకే నేను అదనంగా ఇంకో విరామం అడగడం లేదు. చట్టం ఇప్పటికే ఇచ్చిన విరామం పనివేళలోంచి ఎలాగూ పోయింది. పోయిన ఆ అరగంటను ఫోను చూస్తూ గడిపితే ఎవరికీ అడ్డు రాదు గానీ, నిద్రపోతే మెమో ఇవ్వడమెందుకన్నదే నా గొడవ.

మెలకువగా ఉండటం ప్రాణం మీద వ్యవహారమైన వృత్తుల వాళ్లు ఈ విషయం ఎప్పుడో తేల్చుకున్నారు. అమెరికా అంతరిక్ష సంస్థ నాసా, సుదూర విమానాలు నడిపే పైలట్లకు ప్రయాణం మధ్యలో వంతులవారీగా 40 నిమిషాల విశ్రాంతి ఇచ్చి చూసింది. వాళ్లు సగటున 26 నిమిషాలు నిద్రపోయారు. ఆ తర్వాత పనితీరు 34 శాతం, చురుకుదనం 54 శాతం మెరుగుపడ్డాయని లెక్క తేలింది. 2022లో బెంగళూరు పరుపుల కంపెనీ వేక్‌ఫిట్ రోజూ రెండింటి నుంచి రెండున్నర దాకా తమ ఉద్యోగులు పడుకోవచ్చని ప్రకటించినప్పుడు చూపించిన సాక్ష్యాల్లో ఇదొకటి. పరుపులమ్మేవాళ్లు నిద్రను మెచ్చుకోవడంలో వింతేముంది అనుకోండి. అయినా పని మంచిదే.

ఇప్పుడు అసలు జాగ్రత్త. ఇరవై నిమిషాలని నేనన్నది పై హద్దు, నోటికొచ్చిన అంకె కాదు. ఆస్ట్రేలియాలోని ఫ్లిండర్స్ విశ్వవిద్యాలయం వాళ్లు 2006లో ఐదు, పది, ఇరవై, ముప్పై నిమిషాల కునుకులను పక్కపక్కన పెట్టి పరీక్షించారు. ఐదు నిమిషాలతో ఒరిగిందేమీ పెద్దగా లేదు. పది నిమిషాలు పడుకున్నవాళ్లు లేవగానే తేరుకున్నారు, ఆ చురుకు రెండున్నర గంటల దాకా నిలిచింది. ఇరవై నిమిషాల వాళ్లకు లేచిన అరగంటకు గానీ ఫలితం కనబడలేదు. ముప్పై నిమిషాలు పడుకున్నవాళ్లు లేచిన కాసేపు పడుకోక ముందుకన్నా మందకొడిగా ఉన్నారు. అరగంట దగ్గర పడేసరికి మెదడు గాఢనిద్రలోకి జారుతుంది. అక్కడి నుంచి లాగి లేపితే మనిషి లేస్తాడు గానీ మెదడు లేవదు. పగలు రెండు గంటలు పడుకుని దీపాలు పెట్టే వేళకు లేచి, తెల్లారిందనుకుని పళ్లపొడి అడిగినవాళ్లు ప్రతి ఇంట్లోనూ ఒకరుంటారు.

ఇంట్లో అయితే నవ్వులాట. యంత్రం ముందు కాదు. 2010 మే 22 ఉదయం దుబాయ్ నుంచి వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం మంగళూరులో రన్‌వే దాటి లోయలో పడింది. 158 మంది చనిపోయారు. కాక్‌పిట్ రికార్డరులో కెప్టెన్ గురక వినిపించింది. రికార్డయిన వ్యవధిలో ఎక్కువ భాగం ఆయన నిద్రపోయాడు, దిగే ముందు లేచాడు. దిగే తీరు కుదరలేదు, మళ్లీ పైకెళదామని పక్కనున్న పైలట్ చెబుతున్నా ఆయన వినలేదు. దీర్ఘనిద్ర నుంచి లేచిన మత్తు ఆయన నిర్ణయాన్ని దెబ్బతీసి ఉండొచ్చని విచారణ నివేదిక రాసింది. కునుకు మేలు చెప్పేవాళ్లంతా నాసా లెక్కలు చదువుతారు, మంగళూరు నివేదిక జోలికి పోరు. రెండూ కలిపి చదివితేనే నియమం ఎలా ఉండాలో తెలుస్తుంది. ప్రెస్సు దగ్గర, బాయిలరు దగ్గర, క్రేను మీద పనిచేసేవాడికి లేచాక పది నిమిషాలు మొహం కడుక్కుని తేరుకునే వ్యవధి ఉండాలి. అంటే అరగంటలో తిండి పోను పడుకునేది పదీ పదిహేను నిమిషాలే. అంతకన్నా కావాలంటే విరామమే పెంచాలి.

గుండె సంగతికొస్తే లెక్కలు ఒకదానితో ఒకటి పొసగవు. గ్రీసులో 23 వేల మందికి పైగా జనాన్ని గమనించిన 2007 నాటి అధ్యయనంలో, క్రమం తప్పకుండా మధ్యాహ్నం పడుకునేవాళ్లలో గుండెజబ్బు మరణాలు 37 శాతం తక్కువ కనిపించాయి. స్విట్జర్లాండులో 2019లో, వారానికి ఒకటి రెండుసార్లు పడుకునేవాళ్లకే మేలు కనిపించింది, రోజూ పడుకునేవాళ్లకు కాదు. 2022లో బ్రిటన్ వాసుల సమాచారంతో చేసిన పరిశోధన, తరచూ పగలు పడుకునేవాళ్లలో రక్తపోటు 12 శాతం, పక్షవాతం 24 శాతం ఎక్కువని చెప్పింది. ఇవన్నీ జనాన్ని గమనించి రాసినవే. కునుకు జబ్బు తెచ్చిందా, జబ్బే కునుకు తెచ్చిందా అన్నది వీటితో తేలదు. రాత్రంతా గురక పెట్టి, మధ్యలో ఊపిరి ఆగి ఆగి లేచే మనిషి పగలు తూలక ఏం చేస్తాడు? అలాంటివాడికి కావాల్సింది విశ్రాంతి గది కాదు, డాక్టరు. గంట దాటిన పగటినిద్ర రోజూ తప్పడం లేదంటే ఎవరైనా సరే పరీక్ష చేయించుకోవాలి. రాత్రి నిద్ర పట్టని జబ్బున్నవాళ్లను పగలు అసలు పడుకోవద్దంటారు వైద్యులు. సాయంత్రం కునుకు రాత్రి నిద్రపోవాల్సినవాళ్లెవరికీ మంచిది కాదు, రాత్రి రావాల్సిన నిద్రను అది ముందే తినేస్తుంది. అసురసంధ్య వేళ పడుకుంటే దరిద్రమని మన ముసలమ్మలు కేకలేసేది ఎందుకైతేనేం, నిద్ర శాస్త్రం కూడా ఆ వేళను వద్దనే అంటుంది.

పగటినిద్ర ఆయుర్వేదం ప్రకారం తప్పని వాదించేవాళ్లు మీ దగ్గరికి వస్తారు. చరకసంహితను పూర్తిగా చదవమనండి. మామూలు రోజుల్లో పగటినిద్ర వద్దంటూనే వేసవికి మినహాయింపు ఇచ్చింది. ముసలివాళ్లకు, పిల్లలకు, బరువులు మోసి, దూరం నడిచి అలిసినవాళ్లకు అన్ని కాలాల్లోనూ ఇచ్చింది. కూర్చుని తీసే కునుకు దోషం చేయదని కూడా అంది. బరువులు మోసేవాడికి రెండు వేల ఏళ్లనాటి గ్రంథం ఇచ్చిన వెసులుబాటు 2025 నాటి ఉత్తర్వులో లేదు.

డ్రైవర్ల గురించి ఒక్క మాట. మధ్యాహ్నపు మగత స్టీరింగు మీద కూడా అదే వేళకు వస్తుంది. బ్రిటన్‌లోని లఫ్‌బరో విశ్వవిద్యాలయం వాళ్లు 1990ల్లో ఒక చిట్కా పరీక్షించారు. బండి ఆపి కాఫీ తాగి, వెంటనే పదిహేను నిమిషాలు కళ్లు మూసుకోవాలి. కాఫీ పనిచేయడానికి ఇరవై నిమిషాలు పడుతుంది, ఆ లోపు కునుకూ పూర్తవుతుంది. రెండూ కలిస్తే బండి లైను తప్పడం బాగా తగ్గింది. మన రోడ్ల మీద దీనికి కావాల్సింది పెద్ద సాంకేతికతేమీ కాదు, నీడలో బండి ఆపుకునే జాగా. ఎక్కడాగావ్, ఎందుకాగావ్ అని జీపీఎస్ చూసి ఫోను చేయని యజమాని.

నాకొక భయమూ ఉంది. కునుకు మంచిదని ప్రభుత్వం ఒప్పుకుంటే, అదే సాకుగా పనిరోజును ఇంకా సాగదీస్తారేమో. పెద్ద నగరాల ఆఫీసుల్లో గుడ్డు ఆకారపు పడక కుర్చీలు పెట్టి, వాటి పక్కనే రాత్రి పదింటి దాకా ఉద్యోగిని కూర్చోబెట్టే పద్ధతి ఉంది. మధ్యాహ్నం పడుకున్నావుగా, ఇంకో గంట ఉండు అంటారు. అందుకే కునుకును పది గంటల పనికి పరిహారంగా మీరివ్వొద్దు, మేం పుచ్చుకోం. రాత్రి ఏడెనిమిది గంటల నిద్రకు ఇల్లు చేరనివ్వని ఉద్యోగానికి మధ్యాహ్నం ఇరవై నిమిషాలు మందు కాదు.

2025 నవంబరు 21న కేంద్రం ఫ్యాక్టరీల చట్టం లాంటి పాత చట్టాల స్థానంలో నాలుగు లేబర్ కోడ్‌లను అమల్లోకి తెచ్చింది. 50 మంది దాటిన ఫ్యాక్టరీలో విశ్రాంతి గదులు ఉండాలని, ఆడవాళ్లకూ మగవాళ్లకూ ట్రాన్స్‌జెండర్లకూ విడివిడిగా ఉండాలని వృత్తి భద్రత కోడ్ చెబుతోంది. ఈ కోడ్ కింద నియమాలు రాసే కలం మీ చేతిలోనూ ఉంది. ఆ గదిలో సరుకు నిల్వ చేస్తే జరిమానా ఉంటుందని రాయండి. కుర్చీలే కాకుండా, నడుం వాల్చడానికి చాపలో బల్లలో ఉండాలని రాయండి. చేతులు కడుక్కునే క్యూలో పోయిన సమయాన్ని విరామంలో కలపకూడదని రాయండి. యంత్రాల మీద పనిచేసేవాళ్లకు లేచాక తేరుకునే వ్యవధి విడిగా ఇవ్వమనండి. అన్నిటికన్నా ముందు, విశ్రాంతి వేళలో నిద్రపోవడం క్రమశిక్షణ తప్పినట్టు కాదని ఒక్క వాక్యం చేర్చండి. దీనికి ఖజానా నుంచి రూపాయి ఖర్చు లేదు.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం, ముందుగా కబురు పెట్టకుండా, రెండు గంటల వేళ ఏదైనా ఫ్యాక్టరీకి వెళ్లి విశ్రాంతి గది తలుపు తీయించండి.

ఇట్లు,
మీ రాష్ట్రాల్లో ఒక పౌరుడు